పెరటిలో ఒక వేసవి పగలు

రోహిణికార్తెలో మిట్టమధ్యాహ్నపువేళ మన పల్లెలలో ఏ యింటి పెరటితలుపు తీసి చూచినను ఎండ తప్ప మరేమియు లేనట్లు తోచును. ఆకు కదలదు, గాలి వీచినచో అది వడగాలియే, కుడితిగోలెమువద్ద గేదె కన్నులు మూసికొని నెమరు వేయుచుండును, ఇంటివారు చాపలు పరచుకొని నడుము వాల్చియుందురు. కావున వేసవిపగలు ప్రకృతియు నిద్రించునని మనలో పెక్కుమంది యభిప్రాయము. ఈ యభిప్రాయము నిద్రించువారిదే గాని మేలుకొని చూచినవారిది కాదు. నిజమునకు సంవత్సరములో మరే ఋతువునందును మన యిండ్లచుట్టు ఇన్ని ప్రాణులు ఇంత దగ్గరగా కానరావు. ఏలనన, చేలు బీటలు వారి, చెరువులు ఇంకి, డెల్టాకాలువలు కట్టివేయబడిన ఆ దినములలో ఊరిచుట్టుపట్ల తడి యనునది మిగిలియుండునది బావిగట్టునను, అంట్లు తోముచోటను, అరటిబోదెల మొదళ్లను మాత్రమే. వానకాలమున పొలిమేరయంతట చెదరియుండు జీవజాలము వేసవిలో ఈ తడిని వెదకికొనుచు మన పెరటిలోనికి వచ్చి చేరును.

పెరడన నేనిక్కడ ఉద్దేశించునది కృష్ణాతీరమున ఇప్పటికిని అక్కడక్కడ మిగిలియున్నట్టిది: ఒక బావి, దాని ప్రక్క మునగచెట్టు, దడివార ఒక ముదిమామిడి, మూలను ఎవరును నాటకయే మొలచిన మేడి, దొండపందిరి, రెండు మందారపు మొక్కలు, తాటాకుల చూరు. పట్టణవాసికి ఇంత భాగ్యము లేకున్నను కొంత గోడయు కొంత తడిమట్టియు ఉన్న చాలును. ఈ విద్యకు దుర్భిణి యున్న మంచిదే. లేకున్నను కొదువ లేదు. నెల్లూరిలో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ అను ఆంగ్లేయుడు 1862 మొదలుకొని ప్రకటించిన తన పక్షిగ్రంథములో శాస్త్రనామముల చెంతనే తెలుగుపేర్లనుగూడ వ్రాసికొనెను. ఆ పేర్లు నిఘంటువులలో పుట్టినవి కావు. బోయలును పసులకాపరులును నోటనుంచుకొని కాపాడినవి. కన్నులు తప్ప వేరు పరికరము లేనివారు వారు.

పెరటిలో మనకన్న ముందు మేలుకొనునది పసులపోలిగాడు. దీనినే కొన్ని తావుల ఏట్రింత యందురు. చీలిన పొడుగుతోకగల ఈ నల్లనిపిట్ట వేసవిలో చుక్కలుండగనే కూయ నారంభించి, తెల్లవారునప్పటికి మామిడిచెట్టును తన సొంతము చేసికొనును. దాని గూడు ఆ చెట్టు కొనకొమ్మ పంగలో నుండును. గూటిచేరువకు కాకి వచ్చినను గ్రద్ద వచ్చినను, అవి తనకన్న ఎంత పెద్దవో యెంచక, పైనుండి దూకి వీపున పొడుచుచు పొలిమేరదాక తరిమివచ్చును. ఈ కాపలాను గుర్తెరిగియే కాబోలు, పికిలిపిట్టలు, గువ్వలు మొదలగు సాధుపక్షులు తరచుగా ఆ చెట్టుననే గూళ్లు కట్టుకొనును.

ఇంతటి కావలి తన గూటికి పెట్టుకొనలేనిది కాకి. పెరటిలోని అందరిని ఏమార్చి అన్నపుమెతుకును అప్పడపుముక్కను తన్నుకొనిపోవు ఈ గడుసుపక్షి, తన సంసారము విషయమున మాత్రము ఏటేట మోసపోవుచునే యుండును. కోయిల కూయునది వసంతోత్సాహముచేతనని మనము చదివికొన్నాము; కాని దాని కూత వేసవియంతయు సాగుటకు కారణము, కాకులు గూళ్లు కట్టు కాలము అదియే యగుట. పాడు స్త్రీని కోకిలతో పోల్చుట మనకు పరిపాటి; అయితే అంతకంతకు తారస్థాయికెక్కు ఆ కుహూరవము మగదానిది. నిగనిగలాడు నల్లనిమేనును ఎఱ్ఱనికన్నులును గల పక్షి యదియే. ఆడుకోయిల కపిలవర్ణముపై తెల్లనిచుక్కలు కలిగి, ఆకులచాటున ఒదిగియుండి, కిక్ కిక్ మని గరుకుగా అరచుటయే గాని పాడదు. మగకోయిల కాకులను రెచ్చగొట్టి తనవెంట తరుముకొని వచ్చునట్లు చేయుచుండగా, ఆ సందున ఆడుది గూటిలో దూరి గ్రుడ్డు పెట్టునని పక్షిపరిశీలకులు వ్రాసియున్నారు. కోయిలగ్రుడ్డు కాకిగ్రుడ్డుకన్న చిన్నది. కాని ముందుగా పొదగబడును. ఆ ముందువెనుకలలోనే కోయిలపిల్ల మేలెల్ల ఉన్నది: కాకిపిల్లలు పెంకు పగులగొట్టుకొని వచ్చునప్పటికి ఇది నోరు తెరచి మేత యడుగుటలో ఆరితేరియుండును.

పాశ్చాత్యదేశపు కకూ యను పక్షి శిశువు ఇంతకన్న క్రూరమైనది. కన్నులైన తెరవకమునుపే తోటిగ్రుడ్లను వీపునెత్తుకొని గూటియంచునుండి క్రిందికి త్రోసివేయును. దీనిని ప్రత్యక్షముగా చూచి 1788లో ప్రకటించినవాడు ఎడ్వర్డ్ జెన్నర్. పిదప మశూచికి టీకా కనిపెట్టి లోకవిఖ్యాతుడైన జెన్నరే ఆయన. గోవుల పొదుగులపై పొక్కులను శ్రద్ధగా చూడగలిగిన కన్నులు అంతకు మున్ను పిట్టగూటియందు అభ్యాసము చేసినవి. మన కోయిలపిల్ల సాధారణముగా అట్లు త్రోసివేయదు; కాకిపిల్లలతోడనే పెరుగును. అందుచే ఒక పుస్తకములో చదివిన దానిని మరియొక దేశపు పక్షికి అంటగట్టుటకన్న మామిడిచెట్టుక్రింద నిలువబడి తలయెత్తి చూచుట మేలు.

బారెడు పొద్దెక్కగనే మునగచెట్టునుండి టంక్, టంక్, టంక్ మని తెంపులేని సుత్తిదెబ్బలు వినవచ్చును. అది కంసాలిపిట్ట. ఎండ ముదిరినకొలది దీని కూతయు ముదురును. పిచ్చుకకన్న ఇంచుక పెద్దదై, ఆకుపచ్చని మేనును, నొసటను రొమ్మునను ఎఱ్ఱనిమచ్చలును గలిగిన ఈ పక్షిని కంటితో పట్టుట మిక్కిలి కష్టము. ఏలనన కూతకొక్కమారు తల ప్రక్కకు త్రిప్పుచుండుటచే ధ్వని యే దిక్కునుండి వచ్చుచున్నదో చెవికి చిక్కదు. నోరు తెరచి కూయునా యనిన అదియు లేదు. ముక్కు మూసియుండగనే గొంతు ఉబ్బుచు తగ్గుచు ఆ శబ్దము పుట్టించును. మునగకొమ్మ మెత్తని కలప గలదగుటచే దానిని ముక్కుతో తొలిచి తొఱ్ఱ చేసికొని అందు పిల్లలను పెంచును. ఇక దాని భోజనము మూలనున్న మేడిచెట్టుమీద.

మేడిపండును గూర్చి వేమన చెప్పినమాట నెరుగని తెలుగువాడుండడు. పైసొగసునకును లోని హైన్యమునకును ఆ పండు మనకు శాశ్వతమైన దృష్టాంతమైపోయినది. వేమన పొట్ట విప్పి చూచినవాడు, అంతవరకు మెచ్చదగినవాడే. విప్పిన తరువాత మరికొంతసేపు చూచియుండినచో ఆ పురుగుల పక్షమున ఒక పద్యమైనను చెప్పియుండెడివాడేమో! మేడికాయ యనునది నిజమునకు కాయ కాదు, లోనికి ముడుచుకొన్న పూలగుత్తి. ఆ గుండ్రని గోడకు లోపలివైపున వందలకొలది సూక్ష్మపుష్పములుండును. వెలుపలికి వానికి ఉన్న ద్వారము ఒక్కటే, సూది మోపినంత రంధ్రము. రెండు మిల్లీమీటర్లకు మించని యొక ఆడుకందిరీగ ఆ రంధ్రమున దూరును. దూరుటలో రెక్కలు ఊడిపోవును. ఇక వెలుపలికి వచ్చు మార్గము దానికి లేదు. తాను పుట్టిన కాయనుండి మోసికొనివచ్చిన పుప్పొడిని లోని పూలకు అంటించి, కొన్ని పూలలో గ్రుడ్లు పెట్టి, అక్కడనే మరణించును. ఆ గ్రుడ్లనుండి ముందుగా వచ్చునవి రెక్కలులేని మగవి. అవి ఇంకను పూలగదులలో నున్న ఆడువానితో సంగమించి, పిమ్మట గోడను కొరికి దారి తొలిచి, పెక్కు సందర్భములలో వెలుతురు చూడకయే చచ్చును. ఆ దారిని ఆడువి పుప్పొడితో వెలువడి, తమకున్న ఒకటి రెండు దినముల ఆయుస్సులో మరియొక మేడిచెట్టును వెదకికొనవలయును.

ఈ పురుగు లేనిచో మేడికి గింజ లేదు. మేడి లేనిచో ఈ పురుగునకు పుట్టుక లేదు. ఊరిలో ఒక చెట్టు కాయు కాలము వేరు, దాని ప్రక్కచెట్టు కాయు కాలము వేరు కావుటకు మూలము ఈ బంధమే. ఏదో యొక చెట్టున ఎల్లప్పుడు లేతకాయలు లేకున్న కందిరీగల వంశము నిలువదు. దీనివలన కలుగు లాభము కంసాలిపిట్టకును, కోయిలకును, పికిలికిని, రాత్రులయందు గబ్బిలములకును చేరుచున్నది. చేలలో గింజయు తోటలో పండును లేని నెలలలోగూడ మేడికొమ్మ వానికి అన్నము పెట్టును.

ఇక మధ్యాహ్నము. రెంటచింతల మొదలగు తావులలో 45 డిగ్రీలు దాటుట మనకు క్రొత్త గాదు. పక్షి దేహోష్ణత మనకన్న ఎక్కువ, 40 మొదలు 42 డిగ్రీలవరకు నుండును. గాలి చల్లగా నున్నంతవరకు వేడి దేహమునుండి గాలిలోనికి తనంతట పోవును. గాలియే దేహముకన్న వేడియైనప్పుడు ఆ త్రోవ మూసికొనిపోవును, సరికదా, వేడి తిరిగి లోనికి రానారంభించును. అప్పుడు మిగిలియున్న ఉపాయమొక్కటే, నీటిని ఆవిరి చేయుట. మనము చెమటపట్టి బ్రదుకుదుము. పక్షులకు స్వేదగ్రంథులు లేవు. కావుననే బావిగిలకపై కాకి నోరు తెరచుకొని, రెక్కలు మేనికి దూరముగా వదలి, రొప్పుచు కూర్చుండును. దానిని చూచి దాహముచే నోరు తెరచినదని యనుకొందుము. దాహమును ఉన్నదేకాని ఆ నోరు తెరచుట నీరు కోరుట కాదు, నీటిని వెచ్చించుట. ఇట్లు వెచ్చించిన దానిని తిరిగి పూరింపనిచో గంటలలో ప్రాణము పోవును. బావిగట్టున వెడల్పు మూకుడులో నీరు పోసి చెట్టునీడ నుంచువారు పుణ్యమో పురుషార్థమో కోరి యుంచుదురు గాని, వారెరుగకుండనే ఈ లెక్కను సరిచేయుచున్నారు. మూకుడు లోతుగా నుండరాదు. పిచ్చుక అందులో స్నానముకూడ చేయదలచును.

కాకిని కూలదోయు ఈ వేడియే గ్రద్దకు ఆధారము. నేల కాగినప్పుడు దానిపై గాలి తేలికపడి స్తంభాకారమున పైకి లేచును. గ్రద్ద ఆ స్తంభమును కనుగొని, రెక్క ఆడింపక, చుట్లు తిరుగుచు ఎత్తున కెక్కిపోవును. అక్కడి గాలి చల్లన; శ్రమ యించుకయు లేదు. అందుచే అది తెల్లవారగనే ఎగురదు, నేల వేడెక్కువరకు కొమ్మపై కాచుకొని యుండును.

బావిచప్టాపై తేనెటీగలు వరుసలుగట్టి నీరు త్రాగుచుండుట అందరును చూచినదే. అవి త్రాగునది తమకొరకు కాదు. పట్టులో పిల్లపురుగులున్న భాగము ఇంచుమించు 35 డిగ్రీలకు మించి వేడెక్కరాదు. కావున నీరు మోయు ఈగలు ఉదరమున నింపుకొని తెచ్చి ఇంటియీగల కందించును; అవి ఆ నీటిని గదులపై పలుచని పొరగా పూసి, రెక్కలతో విసరి ఆవిరి చేయును. ఇంక ఎంత నీరు కావలయునో మోయుదానికి ఎట్లు తెలియును? 1950 ప్రాంతముల జర్మనీలో లిండావర్ అను శాస్త్రజ్ఞుడు దీనిని పరిశోధించి చూపిన సమాధానము మిక్కిలి సరళమైనది. మోసికొనివచ్చినదానివద్దకు ఇంటియీగలు ఎగబడి వచ్చి నీరు గైకొన్నచో అది వెంటనే మరల పోవును. పుచ్చుకొనువారు లేక వేచియుండవలసి వచ్చినచో మానుకొనును. ఆజ్ఞ యిచ్చువారు లేరు, లెక్క వ్రాయువారు లేరు. స్వాగతములోని వేగమే ఉత్తరువు.

ఆ చప్టా ప్రక్కనే, నీరు పారి బురదయైనచోట, సన్ననినడుము గల మరియొక ప్రాణి దిగి, తోక పైకెత్తి, దవడలతో మట్టిని ఉండచేసి ఎత్తుకొని పోవును. ఇది గూడు కట్టు కందిరీగ. దీని జ్ఞాతులు కొన్ని మట్టినిగాక నీటినే కడుపులో తెచ్చి, పొడిమట్టిపై వదలి ముద్ద చేయును. తలుపుచట్రమునందో, దూలమునందో, పూజగదిలో పటము వెనుకనో చిన్ని చిన్ని మట్టికుండలు లేచును. గృహిణికి ఇది చీకాకు. వేదాంతికి మాత్రము పరమప్రమాణము.

భ్రమరకీటన్యాయమని మన పెద్దలు చెప్పునది ఈ కుండలను చూచియే. తుమ్మెద యొక పురుగును తెచ్చి మట్టిగూటిలో బంధించి, చుట్టును ఝుంకారము చేయుచు తిరుగును; లోని పురుగు భయముచే ఆ తుమ్మెదనే నిరంతరము ధ్యానించి, ధ్యానించి, తుదకు తానే తుమ్మెదయై వెలువడును; జీవుడును అట్లే బ్రహ్మధ్యానముచే బ్రహ్మమగును. దీనిని హేళన చేయుట సులభము. నాకు మాత్రము ఈ న్యాయము కల్పించినవాని కన్నులపై గౌరవమే కలుగును. అతడు చూచినదంతయు సత్యము: పురుగును తెచ్చుట సత్యము, లోనుంచి మూయుట సత్యము, ఝుంకారము సత్యము (మట్టి పూయునప్పుడు ఈ కందిరీగలు కొన్ని రెక్కల కండరములను అదరించి, ఆ కదలికచే తడిమట్టిని చక్కగా పరచును), కొన్ని వారములకు ఆ గూటినుండి కందిరీగయే వచ్చుట సత్యము. అతడు చేయనిది ఒక్కటే. కుండను నడుమ పగులగొట్టి చూడలేదు.

పగులగొట్టి చూచిన లోన ఏమున్నది? ఒక్క పురుగు కాదు, పలు గొంగళిపురుగులు. కొన్నిజాతుల గూళ్లలో గొంగళికి బదులు సాలెపురుగులు కిక్కిరిసి యుండును. వాని నడుమ ఒక చిన్నిగ్రుడ్డు. కుండవంటి గూడు కట్టు కందిరీగ తన గ్రుడ్డును కప్పునుండి సన్నని దారముతో వ్రేలాడగట్టును. క్రింది పురుగులు చచ్చినవి కావు, మెల్లగా మెదలుచునేయుండును. వాని మెదలికచే గ్రుడ్డు చితికిపోకుండుటకు ఈ యుయ్యాల. ఆ గ్రుడ్డునుండి వచ్చిన శిశువు నిలువయుంచిన మేతను ఒకదానివెనుక నొకటిగా తిని, గూడు నేసికొని, రూపు మారి, గోడ తొలిచి వెలువడును. ధ్యానించినవాడు దేవుడు కాలేదు, ఆహారమైపోయినాడు.

మేత యెట్లు చెడక నిలిచియుండుననునది ఐరోపాలోగూడ చాలకాలము చిక్కుప్రశ్నయే. ఫ్రాన్సు దేశమున లెయోఁ ద్యుఫూర్ అను పండితుడు ఒక కందిరీగ గూటిలోని పెంకుపురుగులు ఎన్నిదినములైనను కుళ్లకుండుట చూచి, కందిరీగ విషము కళేబరమును కుళ్లకుండ కాపాడు ఔషధమని వ్రాసెను. అది చదివిన యొక పేద ఉపాధ్యాయుడు, ఆఁరీ ఫాబ్ర్, తానే గూళ్లు త్రవ్వి పరీక్షించి, ఆ పురుగులు చచ్చినవి కావనియు, నాడీకేంద్రములపై కుట్టుటచే పక్షవాతము పొందినవనియు 1855లో నిరూపించెను. పెంకుపురుగునకు ఆ కేంద్రములు రొమ్మున ఒక్కచోట చేరియుండుటచే ఒక్కపోటు చాలును. గొంగళిపురుగునకు కణుపుకణుపున నుండుటచే కందిరీగయు పలుచోట్ల కుట్టును. ఫాబ్ర్ దీనిని శస్త్రవైద్యుని నేర్పుగా వర్ణించి పరవశించెను. 1879లో సెరిన్యాఁ గ్రామమున రాళ్లును తుప్పలును నిండిన బీడును కొనుక్కొని, 1915లో మరణించువరకు ఆ పెరటినే తన ప్రయోగశాలగా నుంచుకొన్న ధన్యుడాయన. అయినను 1898లో అమెరికాలో పెక్‌హామ్ దంపతులు వందలకొలది కందిరీగలను వెన్నాడి చూచి, ఆ పోట్లు అంత తప్పనివి కావనియు, కొన్ని గొంగళులు చచ్చిపోవుననియు, చచ్చినవానినిగూడ శిశువు నిక్షేపముగా తినుననియు తెలిపిరి. వేదాంతి ఆగినచోటినుండి ద్యుఫూర్ ఒక అడుగు, ఆయన ఆగినచోటినుండి ఫాబ్ర్ మరియొక అడుగు, అక్కడనుండి పెక్‌హామ్ దంపతులు. కుండ మాత్రము అదే.

చూరుక్రింది పొడిదుమ్ములో గుంటలు చేసికొని అడుగున పొంచియుండు పురుగును పిల్లలందరు ఎరుగుదురు. చీమను జారవిడిచి వేడుక చూతురు. గుంట వాలు ఎంతటిదనగా, ఇసుక ఇంకొక్కరేణువైన ఓర్వలేనంతటిది; కాలు మోపిన చీమ తనంతటనే జారును; తప్పించుకొనబోయినచో క్రిందినుండి దుమ్ముజల్లు తగులును. ఈ దొంగ ఒక శిశువు మాత్రమే యనియు, పెరిగి తూనీగనుబోలిన సుకుమారమైన రెక్కలపురుగగుననియు పెద్దలకుగూడ తరచుగా తెలియదు. మామిడిచెట్టు మీది ఎఱ్ఱచీమల ఆకుగూళ్లదియు ఇట్టి కథయే. ఆకులను దగ్గరకు లాగిపట్టుకొన్న చీమల బారులు అందరికి కానవచ్చును. కాని ఆకులను అతికించు పట్టుదారము పెద్దచీమలకు లేదు. అవి తమ పిల్లపురుగులను నోటకరచుకొని వచ్చి, ఈయాకునుండి ఆయాకునకు ఆడించుచు, వానినుండి వెలువడు దారముతో కుట్టును. కాయలు కోయువారికి ఆ చీమలవలన కలుగు బాధ కాయలు కోసినవారే చెప్పవలెను.

ఒక్కొక్కనాడు సాయంకాలమున మబ్బెక్కి, దుమ్ము లేచి, గాలివాన కొట్టును. ఆ తడిసిన సందెవేళ దడిప్రక్క నేలనుండి ఉసిళ్లు పొగగా లేచును. పసులపోలిగాడు గాలిలోనే పట్టును. గోరువంకలును కాకులును నేలపై ఏరుకొనును. చిన్నపసిరిక తీగపైనుండి దూకి మరల తీగకే చేరును. దీపము వెలిగించిన పిమ్మట మిగిలినవి బల్లులపాలు. కొన్ని ప్రాంతములలో మనుష్యులును వేయించుకొని తిందురు. తెల్లవారునప్పటికి వసారానిండ రెక్కలు రాలియుండుట చూచి, వీని బ్రదుకు ఒక్కరాత్రియేయని జనులు జాలిపడుదురు. ఆ రెక్కలన్నియు చచ్చినవానివి కావు. నేల చేరిన ఉసిలి మొదట చేయుపని, రెక్కను మొదట నున్న సన్ననికీలువద్ద తానే విరిచివేసికొనుట. అట్లు రెక్కలు విడిచిన ఆడుదియు దాని వెనువెంట మగదియు తడినేలలో చిన్నగది తొలిచి, లోనుండి మూసికొని, చెదపురుగుల వంశమును ఆరంభించును. వేయింటిలో ఒకటి దక్కుటయు అరుదే. దక్కిన రాణి ఏండ్లతరబడి జీవించి గ్రుడ్లు పెట్టుచునే యుండును. నాగులచవితినాడు మనము పాలుపోయు పుట్ట, పాము కట్టినది కాదు. ఇట్టి యొక జంట సంతానము కట్టగా, ఖాళీగదులు చూచుకొని పాము అద్దెలేక చేరినది.